గంధరాజం మీద నింద

ఉదయగిరి,
11-1-1976.

అక్కకు పెంచలమ్మ నమస్కారం. బావకు కూడా చెప్పు.

నువ్వు పంపిన ఉసిరికాయ పచ్చడి జాడీ పగలకుండా చేరింది. జానీ బాషా అన్న బస్సును మా సందు మొదట్లో ఆపి తనే దిగి అందించాడు. "కాలు బ్రేకు మీదుండాది గానీ చెల్లెమ్మా, పాణమంతా జాడీ మీదే పెట్టుకోని వచ్చినా. పగిలితే మీ అక్క మా రసూల్‌బీతో చెప్తాది, రసూల్‌బీ నాకు కూడు పెట్టదు" అన్నాడు. మీరు పక్కపక్క ఇళ్ళలో ఉండి ఆ మనిషిని బాగానే భయపెట్టారు.

ఈ ఉత్తరం గంధరాజం గురించి. నా పెళ్ళికి నువ్వు అంటు కట్టి ఇచ్చిన మొక్కే. ఆకులు పసుపెక్కుతున్నాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. మా గది కిటికీ ముందు ఏపుగా ఉండేది. అత్తమ్మ దాన్ని తవ్వించి దొడ్లో సున్నపు గుంట పక్కన నాటించింది. కారణం నేనే. దీపావళి అయినప్పటినుంచి నాకు దగ్గు. "ఆ పువ్వు వాసన నీకు పళ్ళేదు మే. ఘాటు వాసన రొమ్ముకెక్కతాది. పాములు కూడా దానికే వస్తాయి. తీసి అవతల పెట్టండి" అంది. ఆమె చెడ్డది కాదక్కా. మిరియాల కషాయం తనే కాచి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చుంటుంది.

మా ఆడబిడ్డ కామాక్షికి జలదంకి నుంచి సంబంధం వస్తోంది. అందుకే ఇంటికి సున్నం కొట్టిస్తున్నారు. నా పడక వెనక గదిలోకి మార్చారు. వాళ్ళు చూపులకు వచ్చిన రోజు నా దగ్గు వినపడకూడదట. తలనొప్పిగా ఉంది, పడుకుంది అని చెప్తారట.

మొక్క బతుకుతుందా? ఏం చేయాలో వివరంగా రాయి.

నీ చెల్లెలు
పెంచలమ్మ

—

ఆత్మకూరు,
19-1-1976.

చెల్లెలు పెంచలమ్మకు రామలక్ష్మమ్మ దీవెనలు.

ముందు మొక్క సంగతి రాస్తాను, అది తేలిక కాబట్టి. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కిందంటే తెగులు కాదు, సున్నం. గంధరాజానికి సున్నం గిట్టదు. పాదులో పైమన్ను తీసి అవతల పారబోయించు. వేర్లు కనబడగానే ఆపు. ఆ చోట ఎర్రమన్ను, బాగా చివికిన ఆకుల ఎరువు కలిపి నింపు. పొయ్యి బూడిద మాత్రం వేయవద్దు. ఏ చెట్టుకైనా బూడిద చల్లడం మన ఇళ్ళల్లో అలవాటు, కానీ దీనికి అదీ సున్నంతో సమానమే. వారానికోసారి పులిసిన మజ్జిగను నీళ్ళలో బాగా పలచన చేసి పోయి. పాత ఆకులు రాలతాయి, రాలనీ. కొత్త చిగురు ఏ రంగులో వస్తుందో అదొక్కటే చూడు. ఈ ఏడు పూయదు. బతికితే చాలు.

ఇక నీ సంగతి. మీ అత్తగారి మాట చదివి నాకు కోపం రాలేదు, భయం వేసింది. గంధరాజం మాఘంలో మొగ్గ తొడుగుతుంది, ఎండాకాలమంతా పూస్తుంది, వానలు ముదిరాక ఆగిపోతుంది. దీపావళికి ఆ చెట్టు మీద ఒక్క పువ్వు ఉండదు. లేని పువ్వు వాసనకు నీకు దగ్గెలా వచ్చింది?

మన చిన్నత్తకు కూడా మొదట ఉత్త దగ్గే అన్నారు. దిష్టి అన్నారు, చలి అన్నారు. ఆసుపత్రికి బయలుదేరేనాటికి ఆమెను మోసుకుపోవలసి వచ్చింది. నువ్వప్పుడు ఉయ్యాలలో ఉన్నావు. నేను చూశాను.

కాబట్టి అడుగుతున్నాను. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? నిద్రలో చెమటలు పోస్తున్నాయా? జాకెట్లు వదులయ్యాయా? కళ్ళెలో ఏమైనా కనబడుతోందా? ఒక్కొక్కదానికి విడిగా జవాబు రాయి. బాగున్నాను అని ఒక్క మాటతో సరిపెడితే ఒప్పుకోను. ఇక్కడి ఆసుపత్రిలో చూపిద్దాం, మీ ఆయన మాలకొండయ్యను తీసుకురమ్మని చెప్పు. కామాక్షి పెళ్ళి కుదిరేదాకా నీ రొమ్ము ఆగదు.

నీ అక్క
రామలక్ష్మమ్మ

—

ఉదయగిరి,
15-2-1976.

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. మా ఆయన అత్తమ్మకు చదివి వినిపించారు. ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉన్నారు. నీకు నమస్కారం రాయమన్నారు.

నాకు జ్వరం లేదు. చెమటలు లేవు. జాకెట్లు సరిగ్గానే ఉన్నాయి. కళ్ళెలో ఏమీ లేదు. దగ్గు తగ్గింది. ఆసుపత్రికి వచ్చే పని లేదు. నువ్వు కూడా శ్రమపడి రావద్దు. జలదంకి వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. కామాక్షి నచ్చిందట. ఉగాది తర్వాత ముహూర్తం మాట చెప్తామన్నారు.

"పువ్వు లేకపోతే ఆకు లేదా? ఆకుకు వాసన లేదా?" అని నిన్ను అడగమంది అత్తమ్మ.

గంధరాజం చాలా బాగుంది. చెట్టు నిండా పూసింది. ఆకు కనబడడం లేదు. దొడ్డంతా ఒకటే వాసన.

పెంచలమ్మ

—

ఆత్మకూరు,
20-2-1976.

రోశమ్మత్తకు రామలక్ష్మమ్మ నమస్కరించి రాసేది.

ఈ ఉత్తరం మీకే. మాలకొండయ్యను గట్టిగా చదవమనండి, పెంచలమ్మను కూడా విననివ్వండి.

పసుపెక్కిన మొక్క నెల తిరక్కుండా చెట్టునిండా పూసిందని నా చెల్లెలు రాసింది. అది ఏ గంధరాజానికీ సాధ్యం కాదు. అంటు కట్టేటప్పుడు నా పక్కన కూర్చుని కొమ్మ పట్టుకున్న పిల్లకు ఆ సంగతి తెలుసు. చిన్నప్పటినుంచీ అంతే, అబద్ధం చెప్పక తప్పనప్పుడు నేను పట్టుకునేలాగే చెబుతుంది. పూసిందన్నది అబద్ధమైతే దగ్గు తగ్గిందన్నదీ అబద్ధమే. దానిమీద కోప్పడకండి. చెప్పమన్నది అది చెప్పింది.

నేను మీతో వాదానికి రాలేదు. మీ కషాయాన్నీ కాదనను. దగ్గు ఆ మొక్క వల్లే అని మీకు నమ్మకం. అలాంటప్పుడు దాన్ని దొడ్లో మాత్రం ఎందుకు ఉంచాలి? వేరుమట్టి చెదరకుండా తవ్వి, తడి గుడ్డ చుట్టి జానీ బాషా బస్సులో నాకు పంపేయండి. ఆకుతో, వేరుతో, వాసనతో సహా మీ ఇల్లు వదిలిపోతుంది. ఉగాదిలోపల దగ్గు పోతే మీదే నిజమని మీ వాకిట్లో నిలబడి చెబుతాను. పోకపోతే, ఉగాది మరునాడు పెంచలమ్మను నా దగ్గరికి పంపాలి. ఇక్కడ డాక్టరుకు చూపిస్తాను. ఏం తేలినా జలదంకి దాకా నా నోటినుంచి ఒక్క మాట పోదు.

ఒప్పుకుంటే మొక్కను పంపండి. పంపకపోతే, మీ నమ్మకం మీద మీకే నమ్మకం లేదనుకుంటాను.

రామలక్ష్మమ్మ

—

ఉదయగిరి,
4-3-1976.

అక్కా, ఇది అత్తమ్మ చెబుతుంటే నేను రాస్తున్న ఉత్తరం. ఒక్క మాట కూడా మార్చకుండా రాయమంది. అలాగే రాస్తున్నాను.

అమ్మాయ్ రామలక్ష్మీ, రోశమ్మ చెప్పేది. నా నమ్మకం మీద నాకు నమ్మకం లేదంటావా? ఎంత మాటన్నావు? మీ అమ్మ నిన్ను కన్నేటప్పుడు మిరపకాయ కొరికిందా? నువ్వు చీటీ రాస్తే మా అబ్బయ్య చదవతా చదవతా నవ్వు బిగబట్టుకున్నాడు, నేను చూసినా. ఈ పిల్ల కూడా ఇప్పుడు నవ్వతా ఉండాది. ఏంది మే నవ్వు? రాయి. అది గూడా రాసినావా? సర్లే, రాసుకో.

నీ చెట్టు నీకే పంపిస్తా ఉండా. మొండిది, పీకితే రాలా. గడ్డపార తెచ్చినాము. ఉగాదికి నీ చెల్లెలు దగ్గకపోతే నువ్వు మా వాకిట్లో నిలబడాల. నేను పీట కూడా వెయ్యను. దగ్గితే

అక్కా, ఇక్కడ కాసేపు ఆగాను. దగ్గు వచ్చింది. అత్తమ్మ లేచి నా వీపు రాసింది. "గమ్మునుండు, పొద్దున చల్లనీళ్ళు తాగినావు, అందుకు" అంది. నేను వేడినీళ్ళే తాగాను. మళ్ళీ మొదలుపెడుతున్నాను.

దగ్గితే అప్పుడు చూస్తాం. మాటంటే మాటే. కామాక్షి పెళ్ళి చెడకూడదు, అది ఒక్కటే నాకు. తండ్రి లేని పిల్ల. కోడలికి పెద్ద రోగమని ఊళ్ళో అన్నారంటే ఆ పిల్ల వైపు ఎవురు చూస్తారు? నీకు ఆడపిల్లల్లేరు, నీకు తెలవదు. ఈ ముక్క రాయొద్దు మే. రాసేసినావా? ఈ పిల్లతో ఏగలేను.

ఇంతే అక్కా. మొక్కకు చుట్టడానికి నా పాత చీర ఇచ్చాను.

పెంచలమ్మ

—

ఆత్మకూరు,
15-3-1976.

మాలకొండయ్యకు,

పైన పెంచలమ్మ పేరు రాసినా కవరు ముందు నువ్వే విప్పుతావని తెలుసు. అందుకే నీకు రాస్తున్నాను. దీన్ని గట్టిగా చదవద్దు.

మొక్క చేరింది. జానీ బాషా దాన్ని తన సీటు వెనక తాడుతో కట్టి, దారిలో ఎవరినీ ఆనుకోనివ్వకుండా తెచ్చాడు. వేళ్ళకు తెల్లగా సున్నం పట్టి ఉంది. మట్టిలో సగం సున్నమే. విడిపించడానికి వేరుగడ్డను చీర ముక్కతో సహా నీళ్ళ తొట్టిలో పెట్టాను. మట్టి కరిగాక చీర బయటపడింది. కొంగు వైపు మరకలున్నాయి. ఎర్రమన్ను అనుకుని రుద్దాను. మన్ను పోయింది, మరకలు పోలేదు. నోటికి అడ్డం పెట్టుకునే చోటే ఉన్నాయి, వేరే ఎక్కడా లేవు.

అది నెత్తురు. నా చెల్లెలు నోటితో చెప్పనివ్వని సంగతి చీరతో చెప్పింది.

నువ్వు ఒకే ఇంట్లో ఉండేవాడివి. నీకు తెలియదని నన్ను నమ్మమనకు. మీ అమ్మకు చెప్పలేక, చెల్లెలి పెళ్ళి చెడగొట్టలేక మధ్యలో నలిగిపోతున్నావని అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నీకు ఉత్తరమే రాయను.

ఉగాది దాకా అని నేనే అన్నాను. ఆ మాట తప్పుతున్నాను. శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు వస్తాను. పెంచలమ్మ బట్టలు సర్ది ఉంచు. మీ అమ్మకు చెబుతావో, నేనే వచ్చి చెప్పాలో నీ ఇష్టం. కానీ నేను వాకిట్లోకి వచ్చినప్పుడు నువ్వు ఏ పక్కన నిలబడతావో ముందే ఆలోచించుకో.

రామలక్ష్మమ్మ

—

ఉదయగిరి,
28-3-1976.

రామలక్ష్మీ,

మా అబ్బయ్య చేత రాయిస్తా ఉండా. రాయనన్నాడు. రాయకపోతే కూడు ముట్టనన్నాను. రాస్తా ఉండాడు.

ఉగాది ఇంకా రానే లేదు. మాట తప్పింది నువ్వు. వాకిట్లో నిలబడి, మంచినీళ్ళిస్తే తాగకుండా, "ఈ చీర చూడండత్తా" అని నలుగురి ముందర విప్పినావు. ఎదురింటోళ్ళు గోడ మీద నుంచి చూసినారు. "లోపలికి రా, లోపల మాట్లాడదాం" అంటే వచ్చినావా? "లోపల మాట్లాడబట్టే ఇంతదాకా వచ్చింది" అంటివి. నేను వాకిలికి అడ్డం నిలబడినా. నా కొడుకు నా భుజం పట్టుకోని పక్కకు జరిపినాడు. పుట్టినప్పట్నుంచి నా మీద చెయ్యి వెయ్యని వాడు. పెట్టె నెత్తిన పెట్టుకోని, పెళ్ళాం చెయ్యి పట్టుకోని బస్టాండు దాకా పోయినాడు. నేను చెప్తా ఉంటే ఈ ముక్క రాసేటప్పుడు వాడు తల ఎత్తలా.

జలదంకికి కబురు పోయింది. ఎవురు మోసినారో తెలవదు. "పిల్లను మళ్ళీ చూస్తాం, ఇప్పుడు మంచి రోజుల్లేవు" అన్నారంట. కామాక్షి వంటింట్లో కూర్చోని కంది పప్పు ఏరతా ఉండాది. పొద్దున్నించి అదే పప్పు ఏరతా ఉండాది.

నీకు సంతోషమే గదా.

దగ్గు ఎట్టుండాది?

రోశమ్మ

—

ఆత్మకూరు,
12-4-1976.

రోశమ్మత్తకు నమస్కారం.

నాకు సంతోషం లేదు. మీ వాకిట్లో నలుగురి ముందు చీర విప్పడం నేను కావాలనే చేశాను. లోపలికి వస్తే మీరు నన్ను ఏడిపించి ఒప్పించేవారు. మీ ఏడుపు నిజమైనది కాబట్టి నేను ఒప్పుకునేదాన్నే. కామాక్షికి జరిగినదానికి నా మనసు బాగాలేదు. కానీ మళ్ళీ ఆ శుక్రవారం వస్తే మళ్ళీ అలాగే చేస్తాను.

ఇది క్షయ. నెల్లూరులో ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. రోజూ సూది వేస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు. ఏడాది దాటినా మందు మానకూడదట. బాగున్నట్టు అనిపించినప్పుడే ఎక్కువమంది మానేస్తారని, అక్కడే చెడిపోతుందని డాక్టరు రెండుసార్లు చెప్పారు. ఇంకో రెండు నెలలు గడిచి ఉంటే ఏం చెప్పేవారో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళందరూ చూపించుకోవాలి. మాలకొండయ్య ఇక్కడే చూపించుకున్నాడు, ఏమీ లేదు. మీరు, కామాక్షి మిగిలారు. పరువు కోసం జబ్బు దాచకండి. దాస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం.

మొక్క కూడా బాగాలేదు. ఉన్న నాలుగు మొగ్గలూ విచ్చకుండానే రాలిపోయాయి. ఆకులన్నీ పోయాయి. పుల్లలా నిలబడి ఉంది. గోటితో గీరి చూస్తే బెరడు కింద ఇంకా పచ్చి ఉంది. కుండీలో పెట్టి, నీడలో ఉంచి, కొద్దికొద్దిగా నీళ్ళు చూపిస్తున్నాను. పెంచలమ్మ సూది వేయించుకుని వచ్చి రోజూ దాని పక్కన కూర్చుంటుంది. ఈ పిల్ల దాన్ని చూస్తుంటే నాకు భయంగా ఉంది. మొక్క చస్తే దీని మనసు ఏమవుతుందోనని.

రామలక్ష్మమ్మ

అత్తమ్మా, నేను పెంచలమ్మను. అక్క గంజి కూడా కొలిచి పోస్తుంది. ఇక్కడ ఎవరూ నన్ను తిట్టడం లేదు. తోచడం లేదు. కామాక్షిని నామీద కోపం పెట్టుకోవద్దని చెప్పండి.

—

ఉదయగిరి,
5-9-1976.

రామలక్ష్మీ,

కామాక్షి చేత రాయిస్తా ఉండా. ఇద్దరం పోయి చూపించుకున్నాం. ఏమీ లేదన్నారు. ఆసుపత్రి వరసలో నా వెనకాల మా ఊరి పెద్దింటి ఆయన నిలబడి ఉండాడు, తువ్వాలు మొహానికి కప్పుకోని. నేను కొంగు కప్పుకోని ఉండా. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టు నిలబడినాము. తిరణాల్లో తప్పిపోయిన పిల్లకాయల మాదిరి.

జలదంకి సంబంధం పోయింది. పోతే పోయింది. ఇంక దాని మాట ఎత్తను.

మా అబ్బయ్య ప్రతి ఆదివారం సైకిలు అంగడి మూసి ఆత్మకూరు వస్తా ఉండాడు గదా. వచ్చి చెప్తా ఉండాడు, మనిషి ఒళ్ళు చేసిందంట, మెట్లెక్కినా ఆయాసం లేదంట. దగ్గు నిలిచిందంట. నీ చెట్టుకు చిగురు గూడా వచ్చిందంట. బాగైనాక కూడా నువ్వే పెట్టుకుంటావా? కోడల్ని పంపించు. సూదులు ఇక్కడా వేస్తారు. ఇంట్లో అరిచేదానికి మనిషి లేదు నాకు. కామాక్షిని అరిస్తే బదులు చెప్పదు. పెంచలమ్మయితే నవ్వతాది. ఆ నవ్వుకి ఒళ్ళు మండతాది. అదన్నా ఉండేది.

వెనక గది శుభ్రం చేయించి పెట్టినా.

రోశమ్మ

—

ఆత్మకూరు,
14-9-1976.

రోశమ్మత్తకు నమస్కారం.

మీరు రాసింది పెంచలమ్మకు చదివి వినిపించాను. కాసేపు నవ్వింది, కాసేపు ఏడ్చింది. మీ ఇంటికే వస్తానంటోంది. నేను పంపను, ఇప్పుడే కాదు. డాక్టరు సరే అనాలి. ఆ తర్వాత నేను సరే అనాలి. నాది ఒక షరతు.

వెనక గది శుభ్రం చేయించానని రాశారు. ఆ గదిలోకే మళ్ళీ పంపుతారని అర్థమైంది. అందుకని ముందు మొక్కను పంపుతున్నాను. దేని మీద నింద వేశారో ఆ మొక్కనే. కుండీని అదే వెనక గదిలో, పెంచలమ్మ మంచం వేసిన చోట పెట్టండి. మీ మంచం దాని పక్కన వేసుకోండి. రోజూ అక్కడే పడుకోండి. నీళ్ళు మీ చేత్తోనే పోయండి, సున్నం, బూడిద తగలకూడదు. అది పూసేదాకా, పూలు అయిపోయేదాకా అక్కడే ఉండాలి. మొగ్గ పట్టిన తర్వాత కుండీని జరపకూడదు, తిప్పకూడదు. జరిపితే మొగ్గలు రాలిపోతాయి.

మీకు దగ్గు వస్తే వచ్చిందని రాయండి. రాకపోతే రాలేదని రాయండి. ఏది రాసినా నమ్ముతాను. మీరు నన్ను తిట్టారు కానీ ఎప్పుడూ అబద్ధం రాయలేదు. అబద్ధాలన్నీ నా చెల్లెలి చేత రాయించారు.

ఇది మీకు అవమానమనిపిస్తే మొక్కను జానీ బాషా చేతనే తిప్పి పంపండి.

రామలక్ష్మమ్మ

—

ఉదయగిరి,
24-4-1977.

రామలక్ష్మీ,

ఇన్నాళ్ళూ నీకు రాయలా. ఏమన్నా ఉంటే గదా రాసేదానికి అనుకున్నా. ఇప్పుడు ఉండాది. కామాక్షి రాస్తా ఉండాది. దాన్ని మధ్యలో ఏమీ చేర్చొద్దన్నాను.

నీ చెట్టును బస్సు దించగానే తిప్పి పంపిద్దామనుకున్నా. జానీ బాషా "ఏం పెద్దమ్మా, భయమా?" అన్నాడు. వాడి మొహం చూసి లోపలికి మోయించినా.

వెనక గదిలో మంచం వేసుకున్నా. అంతకుముందు ఆ గదిలోకి నేను పోయేది గిన్నె అందించేదానికే. గడప దగ్గరే కూర్చోని, అది తాగినాక వచ్చేసేదాన్ని. ఎప్పుడూ పడుకోలా. తలుపు మూస్తే గాలి లేదు. గోడల్లో సున్నం పొడి రాలతా ఉండాది, కింద చెమ్మ. పగలు గూడా దీపం కావాల. నీ చెట్టు ఆకులు ఒక్కొక్కటీ రాల్చడం మొదులుపెట్టింది. నీళ్ళు పోసినా రాల్చింది, పోయకపోయినా రాల్చింది. కొంచెం వెలుతురు వచ్చే తలుపు సందు వైపు కొమ్మలన్నీ మెడ చాపినట్టు వంగినాయి. దాన్ని చూస్తా పడుకోని ఉండేదాన్ని.

కార్తీకం పోకముందే నాకు గొంతు గరగర మొదులైంది. తర్వాత దగ్గు. చెట్టు మీద పువ్వు లేదు. మొగ్గ లేదు. ఆకులే సగం లేవు.

ఆ దినం నేను మంచం మీద లేచి కూర్చోని ఒక్కో కొమ్మా చేత్తో తడిమి చూసినా.

భయపడొద్దు, ఆసుపత్రికి పోయినా. ఈసారి కొంగు కప్పుకోలా. రొమ్ములో ఏమీ లేదన్నారు, గది మార్చుకోమన్నారు. నేను గది మార్చలా. నువ్వు అక్కడే పడుకోమంటివి గదా. గోడ పగలగొట్టించినా. తూర్పు వైపు నిలువెత్తు కిటికీ పెట్టించినా. గోడలన్నీ గీకించి, చెమ్మ పోయేదాకా తలుపులు తీసి పెట్టినా. సున్నం రాలేటప్పుడు కుండీకి నా చీరే చుట్టినా. దగ్గు దానంతట అదే పోయింది. చెట్టు సంకురాత్రి దాటినాక చిగురేసింది, ఆకుపచ్చ చిగురు, నేను దీపం పెట్టి చూసినా. మాఘంలో మొగ్గ పట్టింది. జరపొద్దంటివని, ఎండ పడే చోట అది ఉంటే నా మంచమే అటూ ఇటూ జరుపుకున్నా.

ఇప్పుడు పూస్తా ఉండాది. చెట్టు నిండా అని రాయను, నువ్వు నమ్మవు. బాగానే పూస్తా ఉండాది. దాని పక్కనే పడుకుంటా ఉండా. వాసన ఘాటే, నేను చెప్పింది అబద్ధం కాదు. దగ్గు మాత్రం లేదు. పాము కూడా రాలా.

చేజర్ల నుంచి కామాక్షికి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళు కూర్చోని కాఫీ తాగకముందే చెప్పినా. "మా కోడలికి క్షయ వచ్చింది, ఆత్మకూరులో అక్క దగ్గరుండి మందు తింటా ఉండాది, బాగైంది. మేమంతా చూపించుకున్నాం. ఇష్టమైతే కూర్చోండి" అన్నా. ఆ పిల్లోడి తల్లి లేచి నిలబడింది. ఆ పిల్లోడు లేవలా. "మందు మానకుండా తింటా ఉండాదా?" అన్నాడు. తింటా ఉండాదన్నా. తల్లి మళ్ళీ కూర్చుంది. ఇంకా ఏ మాటా చెప్పలా. చెప్పకపోయినా సరే.

అందరికంటే ముందు ఆ గది చూసుండాల్సింది నేను. చెట్టు మీద వేసిన మాట వెనక్కి తీసుకుంటా ఉండా. నీ ముందర, మా వాకిట్లో నిలబడి చెప్పమన్నా చెప్తా.

డాక్టరు సరే అన్నాడని మా అబ్బయ్య చెప్పినాడు. నువ్వు ఎప్పుడంటావు? మందులు ఎన్ని మిగిలినాయో, ఏ పూట ఏది వెయ్యాలో కామాక్షికి రాసి పంపించు. కిటికీ గదిలో పడుకుంటాదో, ముందింట్లో పడుకుంటాదో అది పెంచలమ్మ ఇష్టం. అది ఏ గదంటే నేను ఆ పక్క గది.

బస్టాండుకు నేనే వస్తా. ఎవురన్నా ఆపి "ఇన్నాళ్ళూ కోడలికి ఏమైంది పెద్దమ్మా?" అంటే, రోగం పేరు పెట్టి నేనే చెప్తా. దాన్ని గమ్మునుండమను, నవ్వొద్దను.

రోశమ్మ